ఆకు తినమన్నారు సరే, నూనె చుక్క ఏది?

బడిలో మధ్యాహ్న భోజనం వండే నూనెను పది శాతం తగ్గించమని 2025 మార్చిలో కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు చెప్పింది. అంతకు ముందు నెలలో ప్రధానమంత్రి రేడియోలో దేశ ప్రజలందరినీ నూనె వాడకం పది శాతం తగ్గించుకోమన్నారు. ఊబకాయం పెరిగిపోతోందట. పెరుగుతున్న మాట అబద్ధం కాదు. కానీ ఎవరి ఒంట్లో పెరుగుతోంది, ఎవరి గిన్నెలోంచి తగ్గిస్తున్నారు అని అడగాలి గదా. ప్రైమరీ బడి పిల్లకు సర్కారు లెక్క ప్రకారం పూటకు వచ్చే నూనె 5 గ్రాములు. అంటే ఒక చిన్న చెంచాడు. అందులో పది శాతం అంటే అర గ్రాము. ఈ అర గ్రాముతో ఏ ఊరి పిల్ల లావు తగ్గుతుందో ఢిల్లీ పెద్దలే చెప్పాలి.

అర గ్రాము మీద ఇంత గొడవ దేనికని మన సంఘం మిత్రులే కొందరు అడిగారు. గొడవ అర గ్రాము మీద కాదు. నూనె, నెయ్యి, కొవ్వు అనేవి కలిగినవాళ్ళ సరదా అనీ, పేదవాడికి బువ్వ, ఇంత పప్పు, ఇంత ఆకు ఉంటే చాలుననీ ఒక ఆలోచన ఈ దేశంలో చాలాకాలంగా నడుస్తోంది. ఆ ఆలోచన తప్పు. న్యాయం ప్రకారం తప్పు అని మనం ఎప్పుడూ అంటూనే ఉన్నాం. కడుపు లోపల జరిగే పని ప్రకారం చూసినా తప్పే. కొవ్వు లేని ముద్దలో ఆకుకూర ఎంత కలిపినా దానిలోని కొన్ని ముఖ్యమైన విటమిన్లు ఒంటికి పట్టకుండానే బయటికి పోతాయి. ఈ సంగతి మన వాడల్లో ప్రతి తల్లికీ, ప్రతి కార్యకర్తకూ తెలియాలి.

అంగన్‌వాడీ గోడ మీద బొమ్మ అందరం చూసిందే. తోటకూర కట్ట, మునగాకు రెమ్మ, క్యారెట్టు, బొప్పాయి పండు. కింద కంటిచూపు కాపాడుకోమని రెండు ముక్కలు. పోయినసారి పోషకాహార వారోత్సవాలప్పుడు మా పాలమూరు వైపు ఒక ఊళ్ళో మీటింగు పెడితే, వచ్చిన మేడం గంటసేపు ఆకుకూరల గొప్పతనం చెప్పింది. వెనక కూర్చున్న ఒక అవ్వ లేచి, "బిడ్డా, ఆకు మాకు కొత్త గాదు. చేన్ల గంగవాయిలి, పుంటికూర, దొగ్గలికూర పుట్టినకాన్నుంచి తింటనే ఉన్నం. గిన్నెల పోసుకోను నూనె లేకనే ఉప్పు, కారమేసి ఉడకేసుకుంటున్నం. ముందు దాని సంగతి చెప్పు" అంది. నూనె తక్కువ తింటే గుండెకు మంచిదే అవ్వా అని మేడం నవ్వేసింది. జనం కూడా నవ్వారు. అవ్వ అడిగింది మాత్రం అచ్చమైన సైన్సు ప్రశ్న.

ఆ సైన్సు ఏమిటో కొంచెం ఓపిక పట్టి చూద్దాం. ఇది పల్లెటూరివాళ్ళకు ఎక్కదని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. పశువును కోసి భాగాలు పంచిన చేతులకు ఇందులో సగం ముందే తెలుసు.

ఆకుకూరలో కెరోటిన్ అనే పసుపుపచ్చ పదార్థం ఉంటుంది. క్యారెట్టులో, బొప్పాయిలో, ఎర్ర గుమ్మడిలో అది పైకే కనపడుతుంది. తోటకూరలో ఆకుపచ్చ రంగు దాన్ని కప్పేస్తుంది. ఈ కెరోటినే మన పేగు గోడలో ఎ విటమిన్‌గా మారుతుంది. ఎ విటమిన్ తక్కువైతే ముందు రేచీకటి వస్తుంది. పొద్దుగూకగానే పిల్ల గోడలు తడుముకుంటుంది. తర్వాత కంటి తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ వస్తుంది. అదీ దాటితే నల్లగుడ్డు మెత్తబడి కన్నే పోతుంది. ఒక్క కన్నే కాదు, తట్టు పోసినప్పుడు, విరేచనాలు పట్టుకున్నప్పుడు పిల్ల తట్టుకుని నిలవడానికి కూడా ఇదే కావాలి. 2016-18లో జరిగిన జాతీయ సర్వేలో రక్తం తీసి చూస్తే, ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో నూటికి సుమారు 18 మందికి ఇది తక్కువగా ఉంది.

చిక్కు ఎక్కడుందంటే, కెరోటిన్ నీళ్ళలో కరగదు, నూనెలోనే కరుగుతుంది. ఎ విటమిన్ కూడా అంతే. డి, ఇ, కె విటమిన్లూ అంతే. క్యారెట్టు తురుమును నూనెలో వేయిస్తే నూనె పసుపెక్కడం చూసే ఉంటారు. నూనెలోకి దిగింది ఆ కెరోటినే. కానీ మన పేగు లోపలంతా నీళ్ళమయం. నీళ్ళలో నూనె కలవదు. మరి ఒంట్లోకి ఎట్లా పోవాలి?

దానికి శరీరం ఒక ఏర్పాటు చేసుకుంది. కార్జాన్ని అంటుకుని ఒక ఆకుపచ్చ తిత్తి ఉంటుంది, చేదుకట్టు అంటాం. కోసేవాళ్ళు దాన్ని ఎంత భద్రంగా తీస్తారో మనకు తెలుసు. పగిలిందంటే కూరంతా చేదు. ఆ చేదు నీళ్ళే పైత్యరసం. కార్జం దాన్ని తయారుచేస్తుంది, తిత్తి దాచిపెడుతుంది. అది చేసే పని అచ్చం కుంకుడు రసం చేసే పనే. తలకు పట్టిన నూనె ఉత్త నీళ్ళకు పోదు. కుంకుడు రసం పడగానే విడిపోయి నీళ్ళతో కలిసి జారిపోతుంది. పేగులో కూడా పైత్యరసం పడగానే నూనె సన్న సన్న బొట్లుగా విరుగుతుంది. అప్పుడు క్లోమం నుంచి లైపేజ్ అనే రసం వచ్చి ఆ బొట్లను ఇంకా చిన్న ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలూ పైత్యరసమూ కలిసి కంటికి ఆననంత చిన్న మూటలు కడతాయి. కెరోటిన్, ఎ, డి, ఇ, కె విటమిన్లు ఆ మూటల్లోకి ఎక్కుతాయి. మూట పేగు గోడ దాకా పోయి సరుకు దింపుతుంది. ఇదీ బండి. బండి రాకపోతే పండిన టమాటా చేలోనే కుళ్ళినట్టు, మనం తిన్న కెరోటిన్ పేగు పొడుగునా జారిపోయి మలంలో కలుస్తుంది.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. చేదుకట్టు ఊరికే పిండుకోదు. కడుపులోంచి కొవ్వుగానీ, మాంసకృత్తులుగానీ చిన్నపేగులోకి దిగినప్పుడు పేగు గోడ ఒక కబురు పంపుతుంది. ఆ కబురు రక్తంలో పోయి చేదుకట్టును పిండుతుంది, క్లోమాన్ని నిద్ర లేపుతుంది. ఉత్త బువ్వ, ఉప్పు, కారం, పలచటి చారు తిన్ననాడు ఆ కబురు గట్టిగా పోదు. అంటే బండికి సరుకూ లేదు, బండి కట్టేవాడికి పిలుపూ లేదు. కొవ్వు దిగితే ఇంకొకటి కూడా జరుగుతుంది. కడుపు తొందరగా ఖాళీ కాదు. నూనెతో తిన్న ముద్ద మధ్యాహ్నం దాకా నిలుస్తది అని నాటుకు పోయే ఆడవాళ్ళు అనేది ఉత్త మాట కాదు.

పేగు గోడ దాటాక కొవ్వు దారి వేరు. అన్నంలోంచి వచ్చిన చక్కెర నేరుగా రక్తంలో పడి కార్జం చేరుతుంది. కొవ్వును, దానితో వచ్చిన విటమిన్లను పేగు గోడ మళ్ళీ మూటగట్టి, పైన మాంసకృత్తి పూత పూసి, శోషరసం పారే సన్న కాలువల్లోకి వదులుతుంది. 1622లో ఇటలీలో అసెల్లి అనే వైద్యుడు బాగా తిన్న కుక్కను కోసి చూస్తే పేగుల చుట్టూ పాల గీతలు కనపడ్డాయి. అవి ఈ కాలువలే. ఆ కాలువలు పైకి పోయి ఎడమ పక్క మెడ కింద రక్తంలో కలుస్తాయి. చివరికి ఎ విటమిన్ కార్జంలో నిల్వ పడుతుంది. అక్కడి నుంచి కంటికి పోవాలంటే మళ్ళీ మాంసకృత్తితో చేసిన ఇంకో బండి కావాలి. పప్పు, గుడ్డు, మాంసం లేని ఒంట్లో ఆ బండి తయారుకాదు. గోదాములో సరుకు ఉండి కూడా అంగడికి చేరని కథ అది. అందుకే ఒక్క ఆకుకూరను పట్టుకుని పేదల ఆరోగ్యమంతా దానిమీద మోపడం కుదరదు.

ఇది నా ఊహ కాదు. 1958లో ఆఫ్రికాలోని రువాండాలో ఎ విటమిన్ కొరత ఉన్న పిల్లలకు క్యారెట్లు పెట్టి చూశారు. ఉత్తగా పెడితే కెరోటిన్ దాదాపు అంతా బయటికి పోయింది. ఆలివ్ నూనె కలిపి పెడితే ఒంటికి పట్టే పాలు ఎన్నో రెట్లు పెరిగింది. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు కూడా ఈ పని చేశారు. చిన్నపిల్లలకు పాలకూర పెట్టి, నూనె లేకుండా ఎంత, నూనెతో ఎంత అని కొలిచి 1980లో ప్రకటించారు. 5 గ్రాముల కొవ్వు కలిపితే కెరోటిన్ పట్టడం బాగా పెరిగిందని తేలింది. అదే 5 గ్రాములు. 2007లో ఫిలిప్పీన్స్ బడిపిల్లల మీద జరిగిన పరిశోధన పూటకు రెండున్నర గ్రాములు కూడా పని చేస్తుందని చూపింది. అంటే మనం డబ్బాలు డబ్బాలు అడగడం లేదు. ప్రతి ముద్దకూ కొంచెం, ప్రతి పూటా తప్పకుండా అడుగుతున్నాం.

అయితే నాలుగున్నర గ్రాములు కూడా చాలును గదా అని ఆఫీసరు అంటాడు. కాగితం మీద చాలు. బడిలో వండే అక్కలను అడిగి చూడండి. బిల్లులు నెలల తరబడి రావు, కిరాణా షాపులో అప్పు పెరుగుతుంది, అప్పుడు ముందు తగ్గేది ఏమిటి? బియ్యం సర్కారుది కాబట్టి తగ్గదు. నూనె, పప్పు, కూరగాయలు తగ్గుతాయి. కాగితం మీది ఐదు కడాయిలోకి వచ్చేసరికి ఎంత అవుతుందో ఎవరూ తూచరు. అట్లాంటి చోట పై నుంచే తగ్గించమని మాట వస్తే, తగ్గించినవాడికి అది అండ అవుతుంది.

ఇంకో లెక్క చూడండి. ఆకుకూరలోని కెరోటిన్ నాలుగు పాళ్ళు తింటే ఒక పాలు ఎ విటమిన్ అవుతుందని మన దేశపు శాస్త్రవేత్తలు చాలాకాలం లెక్కగట్టారు. 2010లో దాన్ని మార్చి ఎనిమిది పాళ్ళకు ఒక పాలు అన్నారు. అమెరికావాళ్ళు 2001లోనే పన్నెండు పాళ్ళు అని తేల్చారు. అంటే ఒక కట్ట తోటకూరతో సరిపోతుందని అమ్మలకు చెప్పిన చోట నిజానికి రెండు కట్టలు కావాలన్నమాట. లెక్క మారింది గాని అంగన్‌వాడీ గోడ మీది బొమ్మ మారలేదు.

సర్కారుకు ఈ సంగతులు తెలియవా? తెలుసు. 1970 నుంచి ఐదేళ్ళలోపు పిల్లలకు ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల ఎ విటమిన్ మందు పోస్తున్నారు. ఆ మందు కూడా నూనెలో కలిపినదే. కళ్ళు పోకుండా కాపాడటంలో దాని పాత్రను నేను తక్కువ చేయను. మన వాడల్లో పిల్లలకు తప్పకుండా పోయించాలి. కానీ ఆ సంస్థకే ఒకప్పుడు డైరెక్టరుగా ఉన్న గోపాలన్‌గారు 2019లో నూరేళ్ళ వయసులో పోయేదాకా ఒకటే మాట మీద ఉన్నారు. తిండితో తీరాల్సిన కొరతను మందుతో తీర్చడం దారి కాదని. ఆ మాట మనది కూడా.

తిండి అంటే ఏం తిండి? కాయకష్టం చేసే మగమనిషికి రోజుకు 40 గ్రాములు, ఆడమనిషికి 30 గ్రాములు, నాలుగైదేళ్ళ పిల్లకు 25 గ్రాముల నూనె కావాలని పోషకాహార సంస్థే చెబుతోంది. కూలికి పోయే ఆలుమగలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి రోజుకు 120 గ్రాములు. నెలకు 3 కిలోల 600 గ్రాములు, దగ్గర దగ్గర నాలుగు లీటర్లు. మన ఇళ్ళలో ఎంత వస్తుందో ఎవరికి వారు చూసుకోండి. ఈ దేశంలో మనిషికి ఏడాదికి 12 కిలోలు చాలు, కానీ 19.7 కిలోలు వాడుతున్నారని 2024లో నీతి ఆయోగ్ నివేదికలో రాశారు. ఇది సగటు లెక్క. బేకరీలూ, హోటళ్ళూ, పెళ్ళి విందులూ, వంద గ్రాముల పొట్లం తెచ్చుకుని వారం నడిపే ఇల్లూ, అన్నీ ఒక్క రాశిలో పోసి తీసిన సగటు. బావిలో నిలబడ్డవాడి నడుము లోతూ, ఒడ్డు మీద ఉన్నవాడి పొడి కాళ్ళూ కలిపి అందరూ మోకాలి లోతులో ఉన్నారని చెప్పినట్టుంది.

రేషన్ సంగతి చూద్దాం. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు మన వాడల్లో పొయ్యి రెండుపూటలా వెలిగింది. ఆ మేలు మరిచేది కాదు. కానీ నలభై ఏళ్ళు దాటినా రేషన్ అంటే బియ్యమే. 2013 ఆహార భద్రతా చట్టం మనిషికి 5 కిలోల ధాన్యం హక్కుగా ఇచ్చింది. పప్పు లేదు, నూనె లేదు. అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు, అందులో ఒక లీటరు పామోలిన్ ఉండేది. అది ఎక్కువకాలం నిలవలేదు. పామోలిన్ మంచిదా కాదా అని అప్పుడు పేపర్లలో చర్చలు రాసినవాళ్ళు, అది పోయినాక ఏమీ రాయలేదు. ఆ తర్వాత బియ్యంలోనే ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. ప్యాకెట్ నూనెలో ఎ, డి విటమిన్లు కలిపి ప్లస్, ఎఫ్ గుర్తు వేసుకోమని కంపెనీలకు చెప్పారు. కొనగలిగినవాడి నూనెలోనే విటమిన్లు కూడా కలిసి వస్తున్నాయి. కొనలేనివాడికి నూనే లేదు.

కొవ్వు ఎవరు తినాలి, ఎవరు తినకూడదు అనేది ఈ దేశంలో డాక్టర్లు మొదలుపెట్టిన చర్చ కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1936లో అచ్చువేసిన కులనిర్మూలన పుస్తకంలో జయపూర్ సంస్థానంలోని చక్వారా అనే ఊరి సంగతి రాశారు. తీర్థయాత్ర చేసి వచ్చిన ఒక అంటరాని మనిషి తనవాళ్ళకు విందు పెట్టుకున్నాడు. వంటలు నేతితో చేయించాడు. భోజనాలు జరుగుతుండగా వందలమంది హిందువులు లాఠీలతో వచ్చిపడి తిండిని పాడుచేసి, తింటున్నవాళ్ళను కొట్టి తరిమారు. చేసిన నేరం నెయ్యి వడ్డించడం. డబ్బు అతనిది, నెయ్యి అతనిది, విందుకు వచ్చినవాళ్ళు అతనివాళ్ళే. అయినా నెయ్యి తమ అంతస్తు గుర్తు అని వాళ్ళు అనుకున్నారు. ఇవాళ లాఠీలు అవసరం లేకుండా, ఆరోగ్యం పేరుతో అదే మాట మెత్తగా వినపడితే మనకు అనుమానం రావడం తప్పు కాదు.

నెయ్యి దొరకనివాళ్ళు ఏం చేశారు? తమకు దొరికిన చోట కొవ్వు వెతుక్కున్నారు. పెద్దకూర, కార్జం, బోటి, మూలుగ బొక్క, ఎండబెట్టిన తునకలు. కొవ్వు కరిగించి కుండలో పోసి పెట్టుకుని, ఆకుకూరలో ఒక గరిటె వేసుకున్న ఇళ్ళు మన పెద్దలకు గుర్తున్నాయి. ఎవరూ చదివి చెప్పకుండానే ఆకుకూ కొవ్వుకూ పొత్తు కలిపిన వంట అది. ఆవు నెయ్యి పవిత్రం, అదే పశువు కొవ్వు మైల అని చెప్పింది శాస్త్రాలు. పేగుకు ఆ తేడా తెలియదు. చేదుకట్టు రెండింటికీ ఒకే విధంగా పిండుకుంటుంది. కార్జం సంగతి మరీ వేరు. అందులో కెరోటిన్ కాదు, తయారైన ఎ విటమినే ఉంటుంది. మార్చుకునే పని కూడా లేదు. పశువు కార్జం 20 గ్రాములు, అంటే ఒక చిన్న ముక్క, ఒక మనిషికి రోజంతటికీ సరిపడే ఎ విటమిన్ ఇస్తుంది. (నెల తప్పిన ఆడవాళ్ళు మాత్రం కార్జం అదేపనిగా తినకూడదు. ఎ విటమిన్ అతిగా పోతే కడుపులో బిడ్డకు చెరుపు.) 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో మన విద్యార్థులు పెద్దకూర పండుగ చేసినప్పుడు, తిండి కోసం ఇంత రాద్ధాంతమా అని వెక్కిరించినవాళ్ళున్నారు. 1977 నాటి గోవధ నిషేధ చట్టమూ, దారిలో బండ్లు ఆపే మూకలూ కలిసి పేదవాడి గిన్నెలోంచి చవకగా దొరికే కొవ్వునూ మాంసకృత్తినీ ఎట్లా లాగేస్తున్నాయో చూస్తే అది రాద్ధాంతం కాదని తెలుస్తుంది.

గుడ్డు మీద కూడా ఇదే పేచీ. ఒక గుడ్డులో సుమారు 5 గ్రాముల కొవ్వు ఉంటుంది, అదంతా పచ్చసొనలోనే. ఆకుకూర పప్పుతో గుడ్డు తిన్న పిల్లకు బండి, సరుకు రెండూ ఒకే పళ్ళెంలో వచ్చినట్టు. మధ్యప్రదేశ్‌లో 2015లో ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టేది లేదని తేల్చేశారు. మన రెండు రాష్ట్రాల్లో బడిలో గుడ్డు పెడుతున్నారు. ఎక్కడైనా దాన్ని తగ్గించే మాట వస్తే ముందు మన వాడలే లేవాలి.

ఇక పంట సంగతి. పాలమూరులో, అనంతపురంలో పల్లికాయ పీకేది, కొట్టేది, గింజలు ఒలిచేది ఎక్కువగా మన ఆడవాళ్ళే. ఒలిచిన గింజ మిల్లుకు పోతుంది. నూనె డబ్బాలో మూతబడి అదే ఊరి దుకాణానికి తిరిగి వస్తుంది, కొనలేని ధరకు. జహీరాబాద్ వైపు పస్తాపూర్ చుట్టుపక్కల దళిత ఆడవాళ్ళ సంఘాలు జొన్నతో, కందితో పాటు కుసుమ, నువ్వులు కలిపి వేసుకుంటూ వచ్చాయి. చేనులో దానంతటదే మొలిచే ఆకుకూరలను ఏరుకుని వండుకోవడం కూడా వాళ్ళు మానలేదు. ఒకే చేనులోంచి ఆకూ నూనే రెండూ వచ్చాయి. పత్తి పరుచుకున్న ఊళ్ళలో నువ్వూ పోయింది, కలుపుమందు కొట్టడంతో గంగవాయిలీ పోయింది. ఎకరం అరెకరం ఉన్నవాళ్ళు గట్టు వెంట నాలుగు సాళ్ళు నువ్వులు చల్లుకోవచ్చు. భూమే లేనివాళ్ళకు ఈ సలహా ఇవ్వడం ఆ మేడం ఇచ్చిన సలహాలాంటిదే అవుతుంది. కాబట్టి వాళ్ళ సంగతి రేషన్ దగ్గరే తేలాలి.

కొన్ని జాగ్రత్తలు చెప్పకపోతే ఈ వ్యాసం కూడా గోడ మీది బొమ్మలాగే అవుతుంది. నూనె పోస్తే అన్ని లోట్లూ తీరవు. ఆకులోని ఇనుముకు నూనెతో పని లేదు. దానికి నిమ్మకాయ, ఉసిరికాయ లాంటి పులుపు కావాలి, తిన్న వెంటనే టీ తాగకూడదు. రక్తహీనతకు నూనె మందు అని ఎవరూ అనుకోవద్దు. పట్నం పోయి కుర్చీ పని చేసేవాళ్ళకూ, షుగరు, గుండెజబ్బు ఉన్న పెద్దలకూ నూనె తగ్గించమన్న మాట సరైనదే. మన వాడల్లో కూడా అట్లాంటివాళ్ళు పెరుగుతున్నారు. మరిగి మరిగి నల్లబడ్డ నూనెలో తీసిన మిర్చిబజ్జీలు, ఐదు రూపాయల చిప్సు పొట్లాలు పిల్లకు పెట్టి కొవ్వు పెట్టామనుకోవడం కూడా పొరపాటే. కూరలో చెంచాడు నూనె వేరు, పొట్లంలో ఉప్పూ నూనే వేరు.

అన్నిటికంటే పెద్దది పేగు సంగతి. బండి ఎంత బాగున్నా దిగే రేవు పాడైతే సరుకు దిగదు. పేగు గోడ మీద వెంట్రుకల్లాంటి సన్నటి మొలకలుంటాయి. సరుకు అందుకునేది అవే. మాటిమాటికీ విరేచనాలు, జిగట, పేగు పురుగులు పట్టిన పిల్లలో ఆ మొలకలు అరిగి పొట్టివైపోతాయి. అప్పుడు నూనె పోసినా పట్టదు. మలం జిడ్డుగా, తెల్లగా, నీళ్ళ మీద తేలుతూ వస్తుంటే కొవ్వు ఒంటికి పట్టడం లేదని గుర్తు. డాక్టరుకు చూపించాలి. ఊరందరికీ ట్యాంకు ఒకటే అయినా వాడకు వచ్చేసరికి పైపు మురికికాలువ పక్కనుంచి వస్తుంది, చివరన సన్నధారగా వస్తుంది. ఆ నీళ్ళు తాగిన పిల్ల పేగుకూ ఊరి నడుమ పిల్ల పేగుకూ తేడా ఉంటే అది కులం చేసిన తేడానే. 2019-21 సర్వేలో తెలంగాణలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 33 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. నీళ్ళూ నూనే రెండూ కలిపి అడగాలి.

బాలింతల గురించి ఒక్క ముక్క. పురుడు పోసుకున్న పిల్లకు పథ్యం పేరుతో పది రోజులు ఉత్త కారప్పొడి బువ్వ పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. బిడ్డకు మొదట వచ్చే ముర్రుపాలు పసుపుగా ఉండేది కెరోటిన్ వల్లనే. అవి పిండి పారబోయకూడదు. తల్లి ఒంట్లో నిల్వ ఉంటేనే పాలలోకి వస్తుంది. పెద్దమ్మలు, అత్తలు ఈ పథ్యం మానిపించే పని పెట్టుకోవాలి. ఇది సర్కారు చేసేది కాదు, మనమే చేసుకోవాలి.

సర్కారు చేయాల్సిందాని మీద సంఘాలు రెండు పనులు చేయవచ్చు. గ్రామసభ జరిగినప్పుడు రేషన్‌లో బియ్యంతో పాటు మనిషి లెక్కన నూనె, పప్పు ఇవ్వాలని తీర్మానం రాయించండి. రాయనంటే ఎందుకు రాయరో రాయమనండి. రెండోది, బడి లెక్క. ఒకటి నుంచి ఐదు తరగతుల్లో 60 మంది పిల్లలు తింటుంటే రోజుకు 300 గ్రాముల నూనె పడాలి. 20 రోజులు బడి నడిస్తే 6 కిలోలు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లకు పూటకు 7.5 గ్రాములు. హాజరు పుస్తకం, సరుకు పుస్తకం, నూనె డబ్బా మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. వండే అక్కలతో తగాదా పడొద్దు, వాళ్ళు మనవాళ్ళే, వాళ్ళ బిల్లు ఎన్ని నెలలు ఆగిందో కూడా రాసుకోండి. ఊరి పేరు, బడి పేరు, పిల్లల సంఖ్య, రావలసిన నూనె, పడిన నూనె ఒక పోస్టుకార్డు మీద రాసి మన పత్రికకు పంపండి. వచ్చినవన్నీ ఊరి పేర్లతో సహా వచ్చే సంచికలో వేద్దాం.